మేష్ట్రు తాత తెలుగు కార్డులు

ముందుగానే ఒక మాట చెప్పుకుంటాను. నేను ఒకటో తరగతి నుంచి ఎస్సెస్సెల్సీ దాకా చదువుకునింది కన్నడ మీడియంలో. ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టర్ పని చేస్తున్నాను. తెలుగు రాయడం నాకు ఇంట్లో వచ్చిన విద్య, శాలెలో వచ్చింది కాదు. తప్పులుంటే సర్దుకొని చదవండి. మధ్యలో కన్నడ మాటలు దొర్లితే అవి మన ఇంటి తెలుగులో ఎప్పటినుంచో ఉన్నవే అనుకోండి.

ఈసారి మా తాత గురించి రాస్తాను. మా నాయనకు నాయన. బాగేపల్లి తాలూకులో 38 ఏండ్లు ప్రాథమిక శాలె మేష్ట్రుగా పని చేసి 1991లో నివృత్తి అయినాడు. 2016లో పోయినాడు. పేర్లు రాయను. మనవాళ్లకు ఎట్లాగూ తెలుసు, మిగతావాళ్లకు పేరుతో పని లేదు.

తాత గురించి మన ఇంట్లో చెప్పుకునే మాటలు మూడు. ఒకటి, ఆయన పిల్లల మీద చెయ్యి ఎత్తలేదు. రెండు, తెలుగు పిల్లలకు కన్నడం నేర్పడంలో ఆయన్ను మించినోళ్లు ఆ తాలూకులో లేరు. మూడు, ఊరి మీద అభిమానంతో హెడ్మాస్టరు పదవి వద్దనుకున్నాడు. నా ఉద్యోగంలో నేర్చుకునింది ఒకటే: ఎవరన్నా "ఇది సరిగ్గానే ఉంది" అంటే "ఎట్ల తెలుసు?" అని అడగాలి. ఈ మూడు మాటలనూ నేను అట్లా అడిగి చూసినాను. రెండు నిలబడినాయి. మూడోది నిలబడలేదు. దాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

కదలని ఊర్లు, కదిలే గీతలు

తాత పుట్టింది 1933లో, మైసూరు సంస్థానంలో. అప్పుడు మా తాలూకు కోలారు జిల్లాలో ఉండేది. ఇంట్లో తెలుగు, సంతలో తెలుగు, పొలంలో తెలుగు. శాలె, కచేరి మాత్రం కన్నడం. ఇది మా ఊరి ఒక్కదాని సంగతి కాదు. బాగేపల్లి, గుడిబండ, చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు, అటు గౌరిబిదనూరు, పావగడ వరకు ఎక్కడ చూసినా ఇదే తీరు. గాజులమ్ముకుని బతికి తర్వాత యోగి అయిన కైవారం తాతయ్య పాడింది తెలుగులోనూ కన్నడంలోనూ. చింతామణి తాలూకు కైవారంలో ఆయన పాటలు పాడే భజన వాళ్లకు ఏది ఏ భాష అనే పట్టింపు ఈ పొద్దుకీ లేదు.

తాతకు అయిదేండ్లప్పుడు, 1938 ఏప్రిల్ 25న గౌరిబిదనూరు దగ్గర విదురాశ్వత్థంలో జెండా ఎత్తడానికి కూడిన జనం మీద పోలీసులు కాల్చినారు. చాలామంది పోయినారు. జెండా పాటలు పాడినవాళ్లలో, తూటాలు తిన్నవాళ్లలో తెలుగువాళ్లున్నారు, కన్నడంవాళ్లున్నారు. తాత ఆ సంగతి పాఠంగా చెప్పేటప్పుడు ఆ ఒక్క మాటా తప్పకుండా చేర్చేవాడంట.

1953లో తాతకు మేష్ట్రు పని వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1955లో తాతకు పెండ్లయింది. అవ్వది చిలమత్తూరు పక్క పల్లె. మా ఊరి నుంచి బండి కట్టుకుని పొద్దున బయలుదేరితే చీకటి పడేలోపు చేరే దూరం. అవ్వ పుట్టినప్పుడు ఆ పల్లె మదరాసు ప్రెసిడెన్సీలో ఉండె. పెండ్లినాటికి ఆంధ్ర రాష్ట్రం. పెద్ద బిడ్డ, అంటే మా అత్త, కడుపులో ఉన్నప్పుడు, 1956 నవంబర్ 1న, ఆంధ్రప్రదేశ్ అయింది. 2022లో ఆ పల్లె అనంతపురం జిల్లా నుంచి శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది. ఇటు మా ఊరు మైసూరు సంస్థానం నుంచి మైసూరు రాష్ట్రం అయింది, 1973 నవంబర్ 1న కర్ణాటక అయింది, 2007లో కోలారు నుంచి విడిపోయి చిక్కబళ్ళాపుర జిల్లాలో చేరింది. రెండు ఊర్లూ ఉన్నచోటే ఉన్నాయి. మధ్యలో చిత్రావతి కూడా దాని దారిన అదే పోతా ఉంది. గీతలే తిరిగినాయి.

భాషల ప్రకారం రాష్ట్రాలు విడదీసేటప్పుడు కోలారు జిల్లా సంగతి కూడా కమిషన్ ముందుకు వచ్చింది. 1951 జనాభా లెక్కలో జిల్లాలో తెలుగు మాట్లాడేవాళ్లే ఎక్కువ. అయినా కోలారును మైసూరుతోనే ఉంచమని 1955లో కమిషన్ చెప్పింది. తాత దాన్ని తప్పు అనేవాడు కాదు. మన సంతలు, మన చుట్టరికాలు, మన బస్సులు బెంగళూరు వైపు పోతాయి, అటు అనంతపురం పోయి ఏం చేస్తాం అనేవాడంట. కానీ ఒక చిక్కు మాత్రం మేష్ట్రుగా ఆయన నెత్తిన పడింది. ఇంట్లో ఒక్క కన్నడం ముక్క వినని బిడ్డలకు కన్నడంలో అక్షరాలు దిద్దించాలి. వాళ్లు తర్వాత ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష కన్నడంలోనే రాయాలి.

ప కు హ

ఆయన చేసిన తొలి శాలె ఏకోపాధ్యాయ శాలె. ఒకటి నుంచి నాలుగు దాకా నాలుగు తరగతులు, ఒకటే గది, ఒకటే మేష్ట్రు. నాలుగు మూలల్లో నాలుగు తరగతులను కూర్చోబెట్టి, ఒకరికి మగ్గి చెప్పించి, ఒకరికి ఉక్తలేఖనం రాయించి, ఒకరిని పలకల మీద దిద్దుకోమని, మిగిలిన వాళ్లకు పాఠం చెప్పాలి. ఎండాకాలం చెట్టు కింద, వానాకాలం గుడి చావడిలో. కేర్ సంస్థ వాళ్లు పంపే గోధుమ రవ్వతో ఉప్పిట్టు మొదలైన తర్వాత వంట లెక్క కూడా మేష్ట్రుదే. ఆ ఉప్పిట్టు వాసనకే శాలెకు వచ్చి చదువుకునినవాళ్లు ఎంతమందో.

తాత దగ్గర చదివిన ఒకాయన, ఇప్పుడు సొంతంగా లారీలు నడిపిస్తున్నాడు, దినాల రోజు వచ్చి నాతో చెప్పినాడు. శాలెలో మొదటి నెల మేష్ట్రు పుస్తకం తెరవనే లేదంట. బిడ్డలను వరసగా నిలబెట్టి, "మీకు కన్నడం వచ్చు. వచ్చని మీకు తెలీదు, అంతే" అన్నాడంట. తర్వాత ఆట మొదలు. తెలుగు మాటలో మొదట ప ఉంటే దాన్ని తీసి హ పెట్టండి.

పాలు హాలు అవుతుంది. పులి హులి. పువ్వు హూవు. పాము హావు. పండు హణ్ణు. పాడు అంటే హాడు. పో అంటే హోగు. పేను హేను. ఈ పేను దగ్గర అందరూ నవ్వేవాళ్లంట, ఎందుకంటే ఆడబిడ్డల తలల్లో నిజంగానే ఉండేవి. ఒకడు హుషారుగా లేచి "పుస్తకం అంటే హుస్తక" అన్నాడంట. మేష్ట్రు తిట్టలేదు. "అది సంస్కృతం నుంచి వచ్చిన చుట్టం, చుట్టం మాట మనం మార్చకూడదు. మన ఇంటి మాటలే మారతాయి" అన్నాడంట. ఆ "హుస్తక" అన్నవాడు ఈ లారీల ఆయనే. అరవై ఏండ్లు దాటినా ఆ రోజు ముఖం ఎర్రబడింది.

నేను ఈ మధ్య చదివి తెలుసుకునింది ఏమంటే, ఇది తాత కనిపెట్టిన కిటుకు కాదు. పాత కన్నడంలో కూడా ఇవి ప తోనే ఉండేవి. వెయ్యేండ్ల కిందట మొదలై మెల్లగా కన్నడంలో మాట మొదట్లోని ప, హ అయిపోయింది. తెలుగులో, తమిళంలో ప అట్లే నిలిచింది. పాత కన్నడ కావ్యాలు చూస్తే పాల్, పులి, పూ అనే ఉంటాయి. తాతకు ఈ శాస్త్రం ట్రైనింగులో ఎవరన్నా చెప్పినారో, రెండు భాషల మధ్య బతికి తానే పట్టుకున్నాడో గాని, ఒక తాలూకు బిడ్డలకు పరాయి భాష అనే భయం పోగొట్టినాడు. మన రెండో మాట ఇక్కడ నిలబడింది.

మొదటి మాట కూడా నిలబడింది. అడిగిన పదకొండు మందిలో పది మంది మేష్ట్రు కొట్టలేదన్నారు. ఒకరు మాత్రం "నన్నొకసారి చెవి మెలిపెట్టినాడు, బావిలోకి తొంగి చూసినందుకు" అన్నారు. దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఏ భాష అని అడిగితే

మేష్ట్రు పని అంటే పాఠాలొక్కటే కాదు. ఓటర్ల పట్టీ, పశువుల లెక్క, మశూచి టీకాలు, అన్నిటికీ ముందు మేష్ట్రునే పిలిచేవాళ్లు. 1961 జనాభా లెక్కకు తాత మూడు ఊర్లు తిరిగినాడు. ఆ లెక్క కాగితంలో మాతృభాష ఏది అని ఒక ప్రశ్న, ఇంకే భాషలు వస్తాయి అని ఒక ప్రశ్న. ఈ సంగతి ఆయన అవ్వకు రాసిన ఒక కార్డులో ఉంది. కార్డుల సంగతి ముందు వస్తుంది. ఒక ముసలామెను "మీ భాష ఏమి?" అని అడిగితే ఆమెకు ప్రశ్నే అర్థం కాలేదంట. "మా మాటే నాయనా, నోట్లో ఏది వస్తే అది" అనిందంట. తెలుగు అని రాసుకోమంటారా అంటే, "ఇది తెలుగా?" అని ఎదురు అడిగిందంట. తాత ఆ రాత్రి కార్డులో, ఆమెకు ఆ పేరు తెలియకపోయినా మన కాగితానికి కావాలి కదా అని రాసినాడు. నాకు తాతను గురించి తలచుకున్నప్పుడల్లా ఆ గడప, ఆ ముసలామె గుర్తుకొస్తారు. ఆయన తెలుగువాడినని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పిన మనిషి కాదు. ఆయనకు అది నోట్లో ఉన్న మాట, అంతే.

1982లో గోకాక్ ఉద్యమం జరిగినప్పుడు, కన్నడం మొదటి భాషగా ఉండాలని రాజ్‌కుమార్ ఊరూరా తిరుగుతుంటే, బాగేపల్లిలో కొందరు తెలుగు ఇంటి మేష్ట్రు ఏమంటాడో చూద్దామని అడిగినారంట. "నేను 29 ఏండ్లుగా అదే కదా నేర్పుతున్నా" అన్నాడంట. అది నిజమే. కానీ ఆ నిజానికి ఇంట్లో ఒక వెల ఉంది. మా నాయనకు, ఇద్దరు అత్తలకు, చిన్నాయనకు తెలుగు మాట్లాడడం వచ్చు, ఒక్క అక్షరం చదవడం రాదు. తాలూకుకంతా అక్షరాలు నేర్పినవాడు సొంత బిడ్డలకు ఇంటి భాష అక్షరాలు నేర్పలేదు. అడిగితే, శాలెలో కన్నడం, పైన ఇంగ్లీషు, హిందీ, ఇంకా ఎన్ని లిపులు మోస్తారు అనేవాడంట.

అవ్వ అట్లా కాదు. చిలమత్తూరు వైపు తెలుగు శాలెలో అయిదు దాకా చదివింది. ఆమెకు కన్నడం చదవడం రాదు. ఇంట్లో బస్సు బోర్డు చదవలేని మనిషి ఆమె ఒక్కతే. తెలుగు పుస్తకం చదవగలిగే మనుషులు మాత్రం ఇద్దరే, ఆమె, తాత.

నివృత్తి తర్వాత

1991లో శాలువా కప్పి, గోడ గడియారం ఇచ్చి పంపినారు. పుట్టిన తేదీ ఒక కాగితంలో ఒకలాగా ఇంకో కాగితంలో ఇంకోలాగా ఉందని పింఛను రెండేండ్లు ఒక ఆఫీసులో నిలిచిపోయింది. తాత వారానికొకసారి తెల్లటి పంచె కట్టుకుని పోయి వచ్చేవాడు. ఆ రెండేండ్లూ అవ్వ ఆవు పాలు అమ్మి ఇల్లు నడిపింది. పింఛను వచ్చిన రోజు తాత ఆమెకు వెండి కడియాలు తెచ్చినాడు. అవ్వ అవి వేసుకోలేదు, మా అక్క పెండ్లికి కరిగించి పట్టీలు చేయించింది.

నాకు ఎనిమిదేండ్లప్పుడు, వేసవి రజెలో, తాత నన్ను పిలిచి పలక ఇచ్చినాడు. కన్నడ అక్షరాలు నాకు అప్పటికి వచ్చు. ఆయన చెప్పింది చాలా సులువు. రెండు లిపులూ ఒకప్పుడు ఒకటే. పాత శాసనాల్లో తెలుగు కన్నడ లిపి అనే ఒకటే ఉంటుంది, ఆ తర్వాతే వేరు కాపురాలు పెట్టుకున్నాయి. కన్నడ తలకట్టు అడ్డంగా పడుకుని ఉంటుంది, తెలుగు తలకట్టు పైకి లేచి నిలబడుతుంది. ముందు ఆ తలకట్టు మార్చు. క, త, శ లాంటి కొన్ని అక్షరాల రూపం వేరు, వాటిని మాత్రం బట్టీ పట్టు. మిగిలినవన్నీ నీకు వచ్చు, వచ్చని నీకు తెలీదు, అంతే.

మూడు వారాల్లో నాకు చదవడం వచ్చేసింది. ఎందుకు నేర్పుతున్నావు తాతా, శాలెలో అక్కర లేదే అని అడిగినాను. "ఈ ఇంట్లో ఒకరన్నా చదవగలగాలి" అన్నాడు. అప్పుడు అది నాకు చాలా మామూలు మాటగా తోచింది. చెనిక్కాయలు ఒలుచుకుంటా మర్చిపోయినాను.

అవ్వ 2003లో పోయింది. ఆ తర్వాత తాత పొద్దున్నే తానే సంగటి గెలికేవాడు, ఆమె పీట మీద ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. నా ఉద్యోగం, బెంగళూరు, ట్రాఫిక్, ఇవన్నీ వచ్చి పడినాయి. ఊరికి పండగలకే పోయేది. యుగాదికి ఓళిగలు తిని వచ్చేసేది.

రేకు పెట్టె

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు నేను లాప్‌టాప్ తీసుకుని ఊరికి పోయినాను. అటకలో తాత రేకు పెట్టె ఉంది. తెరిస్తే అందులో సర్వీస్ రిజిస్టరు నకలు కాగితాలు, ట్రైనింగు సర్టిఫికెట్లు, అడుగున బట్టలో చుట్టిన కార్డులు, ఇన్‌లాండ్ లెటర్లు. తాత అవ్వకు రాసినవి, అవ్వ తాతకు రాసినవి. కలిపి 163. అన్నీ తెలుగులో.

తాతకు ఊరూరా వర్గావణె అయ్యేది. కొన్ని శాలెలు రోజూ పోయి రాగలిగే దూరంలో ఉండేవి కావు, సోమవారం పోతే శనివారం మధ్యాహ్నం వచ్చేవాడు. అందుకే ఈ కార్డులు. నేను పట్టిక వేసుకుని తేదీ, ఊరు, విషయం రాసుకున్నాను. ఎక్కువ కార్డుల్లో విషయం ఇంతే: ఆవు ఈనిందా, చిన్నదానికి దగ్గు తగ్గిందా, రాగులు ఎన్ని పల్లాలు వచ్చినాయి, మా చెల్లెలి పెండ్లికి ఎవరిని అప్పు అడగాలి, నువ్వు పెట్టిచ్చిన ఊరుబిండి అయిపోయింది. తాత ఒక్క కార్డులో కూడా ప్రేమ అనే మాట రాయలేదు. కానీ ఇంటి ఆవు పేరు మర్చిపోయిన కార్డు కూడా లేదు.

మనం కార్డు అంటే అందరూ చదివేది అనుకుంటాం. మా ఇంట్లో కార్డు గూట్లో తెరిచి పెట్టినా నలుగురు బిడ్డల్లో ఎవ్వరికీ చదవడం రాదు. వాళ్లిద్దరికీ తెలుగే తాళం, తెలుగే తాళంచెవి.

1974

ఇప్పుడు మూడో మాట. 1974లో తాతకు పెద్ద శాలెకు హెడ్మాస్టరుగా పోయే అవకాశం వచ్చింది. జీతం పెరిగేది, గౌరవం పెరిగేది. ఆయన వద్దని రాసి ఇచ్చినాడు. సర్వీస్ రిజిస్టరులో ఆ సంగతి ఒక్క వరుసలో ఉంది: సొంత కారణాల వల్ల పదోన్నతి వద్దన్నారు. ఊర్లో అందరూ "మేష్ట్రు మన ఊరిని విడిచి పోలేక వద్దన్నాడు" అన్నారు. ఆ మాట దినాల రోజు కూడా మైకులో చెప్పినారు.

మా నాయనకు మాత్రం ఆ మాట ఎప్పుడూ రుచించలేదు. ఆ ఏడాదే ఆయన ఎస్సెస్సెల్సీ మంచి మార్కులతో పాసయినాడు. బెంగళూరులో పీయూసీ చదివి ఇంజినీరు కావాలని ఆశ. తాత దుడ్డు లేదన్నాడు. నాయన ఐటీఐ చేసి బస్సుల మెకానిక్కు అయినాడు. "ఊరి మీద అభిమానం, కొడుకు మీద లేదు" అని ఆయన నలభై ఏండ్లు అనుకున్నాడు. పైకి చాలాసార్లు అననూ అన్నాడు, తాత ముందే. తాత జవాబు చెప్పలేదు. పంచె సర్దుకుని లేచి పోయేవాడు. నేను చూసినాను.

ఆ పెట్టెలో 1974 ఏప్రిల్ నుంచి 1975 ఆగస్టు దాకా ఉన్న లెటర్లు 31. ఆ కాలంలో అవ్వ చిలమత్తూరు వైపు పుట్టింట్లో ఉంది. ఎందుకంటే మోకాళ్ల నొప్పి, నాటు మందు వాడుతోంది అని బిడ్డలకు చెప్పినారు. అవ్వకు వచ్చింది క్షయ.

అప్పట్లో క్షయకు మందు ఉంది. కానీ ఇప్పటిలాగా ఆరు నెలలు కాదు. ఏడాది, ఏడాదిన్నర మాత్రలు మింగాలి, మొదట్లో నెలల తరబడి స్ట్రెప్టోమైసిన్ సూదులు వేయించుకోవాలి. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది. మందుకంటే భయం ఇంకొకటి. ఇంట్లో క్షయ ఉందని తెలిస్తే ఆడబిడ్డలను ఎవరు చేసుకుంటారు? పెద్దత్తకు అప్పుడు సంబంధాలు చూస్తున్నారు. అందుకే గుట్టుగా సరిహద్దు అవతల వైద్యం. శనివారం శాలె అయిపోతూనే తాత సైకిల్ మీద అక్కడికి పోయి, ఆదివారం రాత్రికి ఇంటికి వచ్చి, తెల్లారి బిడ్డలకు వండి పెట్టి శాలెకు పోయేవాడు. హెడ్మాస్టరు పదవి వచ్చిన శాలె తాలూకుకు ఆ చివర ఉంది. అక్కడి నుంచి వారానికొకసారి చిలమత్తూరు పోవడం కుదరదు. జీతంలో మిగిలిందంతా మందులకు, పాలకు, గుడ్లకు పోయింది. పీయూసీకి దుడ్డు లేదన్న మాట అబద్ధం కాదు. కారణం మాత్రం దాచిపెట్టినాడు.

ఒక లెటర్లో అవ్వ, పెద్దోడిని చదివించు, నా మందులు ఆపినా పరవాలేదు అని రాసింది. తాత దానికి జవాబు పెద్దగా రాయలేదు. నీ మాత్రలు లెక్కబెట్టి చూస్తాను, ఒకటి మిగిలినా ఊరుకోను అన్నాడు. అదే లెటర్లో ఇంకొక మాట ఉంది. పెద్దోడికి నా మీద కోపంగా ఉంది, ఉండనీ, నిజం తెలిస్తే నీ మీద జాలి పడతాడు, దానికంటే ఇదే మేలు. చివరన, ఈ పిల్లలకు తెలుగు అక్షరాలు రాకపోవడం ఇప్పుడు మంచిదే అయింది అని.

నేను ఆ లెటరు మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. దాచిన మాటను తెరిచే హక్కు నాకుందా అని. తర్వాత అనిపించింది, దాచాలనే ఉంటే కాల్చేసి ఉంటాడు. కాల్చకుండా బట్టలో చుట్టి పెట్టినాడు. అవ్వ బతికుండగానే ఒక మనవడిని పిలిచి పలక ఇచ్చి, ఈ ఇంట్లో ఒకరన్నా చదవగలగాలి అన్నాడు.

నాలుగో రోజు సాయంత్రం వసారాలో నాయనకు చదివి వినిపించినాను. అప్పటికి ఆయనకు 62 ఏండ్లు. మధ్యలో ఎక్కడా ఆపలేదు, ఏమీ అడగలేదు. అయిపోయిన తర్వాత "ఇంకొకసారి చదువు" అన్నాడు. మళ్లీ చదివినాను. లేచి పోయి దూడను కట్టేసి వచ్చినాడు. రాత్రి అన్నం దగ్గర మాత్రం, "ఆ సైకిల్ చైను నేనే మారుస్తా ఉంటి, నెలకొకసారి. ఇంత దూరం ఎక్కడికి తిప్పుతాడబ్బా అనుకుంటా ఉంటి" అన్నాడు. అంతే.

ఇది బయట రాయొచ్చా అని పెద్దత్తను అడిగినాను. "నా పెండ్లి కోసం దాచినారు, నా మనవరాండ్ల పెండ్లిండ్లు కూడా అయిపోయినాయి, ఇప్పుడు రాయొచ్చులే" అనింది. నాయనను కూడా అడిగినాను. మైకులో చెప్పిన మాట తప్పని అందరికీ తెలియాలి, రాయి అన్నాడు.

పల్లి, హళ్ళి

కాబట్టి మన ఇంటి చరిత్రలో మూడో మాటను ఇట్లా సరిదిద్దుకుందాం. తాత పదవి వద్దనింది ఊరి కోసం కాదు, అవ్వ కోసం. ఊరి మీద అభిమానం లేదని కాదు. అది మిగతా 37 ఏండ్లలో చూపించినాడు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. బాగేపల్లి పేరును భాగ్యనగర అని మార్చడానికి 2025లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. పల్లి అనేది తెలుగు మాట కదా అనే మాట అందులో వినబడింది. మన బంధువుల్లో కొందరికి కోపం వచ్చింది, కొందరు మంచిదే అన్నారు. నాకు తాత గది గుర్తుకొచ్చింది. మొదట ప ఉంటే తీసి హ పెట్టండి. పల్లి అంటే హళ్ళి. రెండూ ఒకటే మాట, వెయ్యేండ్ల కిందట వేరు కాపురం పెట్టుకున్నవి. తాత దగ్గర ఒకటో తరగతి చదివిన ఏ బిడ్డను అడిగినా చెప్తుంది.

మీ ఇంట్లో కూడా అటకలో ఇట్లాంటి పెట్టె ఉండొచ్చు. అందులో ఉన్న లిపి మీకు రాకపోతే, కన్నడం వచ్చిన బిడ్డ ఎవరన్నా ఉంటే పిలిచి పలక ఇవ్వండి. తలకట్టు మార్చుకోవడానికి మూడు వారాలు చాలు. నా కూతురికి ఇప్పుడు ఏడేండ్లు. వచ్చే వేసవి రజెలో మొదలు పెడుతున్నాను.